ఇసుక కడచూపు

“పొర కనబడింది! తొందరగా రండి!”

డాక్టర్ సులోచన గారు ఎర్రమట్టి దిబ్బల అడుగున నిలబడి ఫోన్లో అరిచిన మాట ఇంతే. అటు సముద్రపు గాలి, ఇటు మా జనరేటర్ హోరు. మధ్యలో ఆ మాట ఎక్కడ జారిపడిందో గానీ, ల్యాబులో ఫోనెత్తిన పైడమ్మ (చేపలమ్ముతూ మా ల్యాబు కూడా ఊడుస్తుంది) చెవిలోకి ‘పులి కనబడింది’ అని దిగింది. పైడమ్మ చేతిలో చీపురు అక్కడే పారేసి, “ఓలమ్మో, దిబ్బల్ల పులొచ్చీసింది! డాట్రమ్మని తినీసినాది!” అని రేవుదాకా వినబడేలా కేక పెట్టింది. ఫోన్లో ఊరికే కనబడిన పులి, రేవు చేరేసరికి భోజనం కూడా ముగించింది.

పది నిమిషాల్లో కొత్తరేవుపాలెం మొత్తం దిబ్బల మీదుంది. తెడ్లు, గెడలు, పళ్ళేలు, వాటిని మోగించడానికి గరిటెలు. అందరికన్నా ముందు నేను, చేతిలో పదిహేడో నంబరు స్పానరుతో. పులికి ఏ నట్టు బిగిద్దామనుకున్నానో నాకే తెలీదు. నా పేరు కూర్మారావు. మూతపడిన ఐస్ ఫ్యాక్టరీలో సులోచన గారు పెట్టిన ల్యాబుకి మెకానిక్కుని. పేరులోనే తాబేలుంది కాబట్టి నేను పరిగెత్తనని మా ఆవిడ గట్టి నమ్మకం. ఆ రోజు చూసుంటే మా పెళ్ళినాటి జాతకం తిరగరాయించేది.

పైనుంచి తొంగి చూశాం. కింద గండిలో నల్ల టార్పాలిన్ గుడారం. అందులోంచి పొడుచుకొచ్చిన రెండు కాళ్ళు.

“కాల్లొగ్గీసి మిగతాదంతా తినీసినాదిరో!” అని ఎవరో ఏడుపు లంకించుకున్నారు.

అంతలో ఆ కాళ్ళు వెనక్కి జరిగాయి. వాటి వెనకాలే సులోచన గారు పూర్తిగా వచ్చారు.

“ఏమైంది? ఇంతమంది వచ్చారేమిటి?”

“పులేదమ్మా?” ఊరిపెద్ద గనగళ్ళ తాతాజీ తెడ్డు ఎత్తి పట్టుకునే అడిగాడు.

“పులేంటండీ? పొర! పొర కనబడిందన్నాను!”

తాతాజీ తెడ్డు దించాడు. “పొరా? ఉల్లిపాయకుంటాదది. దానికోసరం ఊరుఊరంతా వలలొగ్గీసి ఒచ్చీసినామేటి?”

జనం నవ్వారు, పైడమ్మని తిట్టారు, మళ్ళీ నవ్వారు. కానీ వెళ్ళిపోలేదు. పులికోసం వచ్చినవాళ్ళు పొరనైనా చూడకుండా ఎలా వెళ్తారు? జారుకుంటూ, కూలబడుతూ అందరూ గండిలోకి దిగారు.

ఆ దిబ్బల్లో నిలబడి చుట్టూ చూడడమంటే నాకు పండగ. గోడలన్నీ నిలువునా చీలికలై, కుచ్చిళ్ళు పెట్టిన ఎర్ర చీరలా ఉంటాయి. పైన వదులు ఇసుక, తుప్పు పట్టి ఎర్రబడింది. దాని కింద కాస్త గట్టిది, ఇటుక రంగు. ఇంకా కింద పసుపు. గాలీ సముద్రమూ కలిసి వేల ఏళ్ళపాటు ఒకదాని మీద ఒకటి పరిచిన పక్కలవి. గట్టి పొర గొడుగులా నెత్తిన ఉన్నచోట మట్టి స్తంభమై నిలబడుతుంది. ఆ గొడుగు లేనిచోట వాన నేరుగా దిగి గండి కొడుతుంది. లోకంలో అందరూ కోతలు కోస్తారు గానీ, వాన ఒక్కటే నిజాయితీగా కోస్తుంది.

గండి అడుగున లారీ అంత మట్టిపెల్ల ఒకటి పడుంది, ఎప్పుడో గోడమీంచి విరిగింది. దాని అంచు కింద సులోచన గారు బ్రష్షుతో చూపించారు. గులాబీ రంగు బంకమన్ను, గోరంత మందం, పాలమీద మీగడలా నున్నగా.

“వాననీళ్ళు ఇక్కడ గుంటగా నిలబడి ఇంకిపోతే మిగిలిన పొర ఇది. దీన్ని ఎవరూ తొక్కలేదు, గాలి చెదరగొట్టలేదు. అలా ఉండగానే పైనుంచి గోడ విరిగి దీన్ని కప్పేసింది. ఒక్క క్షణంలో. మాకు కావలసింది సరిగ్గా అలాంటి పొర.”

“ఏటి సేసుకుంటారు?” తాతాజీ అడిగాడు.

“ఫొటో తీస్తాం. మేం తియ్యడం కాదు, అది తీసేసింది. మేం కడుగుతాం, అంతే.”

ఇక నేనుండబట్టలేకపోయాను. ఇసుక రేణువు ఎండలో ఉన్నంతసేపూ ఏమీ గుర్తుపెట్టుకోదు. ఎప్పటి వెలుతురు అప్పుడే వదిలేస్తుంది. మట్టి కింద పడి చీకటైపోయాక మాత్రం, ఆఖరున తనమీద పడిన వెలుతురుని పట్టుకుని కూర్చుంటుంది. వెయ్యేళ్ళైనా, పదివేలేళ్ళైనా. మా యంత్రం దానిమీద ఆకుపచ్చ కాంతి గీత గీతగా పోనిస్తే, రేణువు దాచుకున్నది కక్కేస్తుంది. పక్కపక్క రేణువులన్నీ కక్కితే బొమ్మవుతుంది. కక్కడం ఒక్కసారే. ఆ తర్వాత అది ఉత్తి మట్టి. అందుకే దానికి నేను ‘కడచూపు యంత్రం’ అని పేరు పెట్టాను. అప్పటిదాకా మూడు పొరలు చదివాం. మూడింటిలోనూ మబ్బులే. ఒకటి తొమ్మిదివేల ఏళ్ళ కిందటి మబ్బు. దాన్ని చూసిన రోజు సులోచన గారూ నేనూ లడ్డూలు పంచాం. ముత్తాతల ముత్తాతల నెత్తిన కురవబోయిన మబ్బు మరి!

నేనిదంతా చేతులూపుతూ చెబుతుంటే జనం ఆ పెల్లవైపు చూడడం మొదలెట్టారు. ఎవరూ నవ్వడం లేదు. తాతాజీ తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

“డాట్రమ్మా, ఈ పెల్ల ఆ పెద్ద తుపానునాడు ఇరిగిపడ్డాది. ఇరవై రెండేళ్ళైనాది. దీని కిందే మా ఎల్లాజీ ఎల్లిపోనాడు. అటేపు తవ్వి తీసినాం, మూడోనాడు. ఇటేపు ముట్టుకోనేదు.”

మైలపల్లి ఎల్లాజీ అంటే మా పైడమ్మ పెనిమిటి. చీపురు పారేసి పులి పులి అని అరిచిన ఆవిడ ఇప్పుడు జనం వెనకాల కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ తుపానులోనే వాళ్ళ ఇల్లు సముద్రంలో కలిసింది. పెళ్ళి ఫొటో, ఇంట్లో ఫొటో, అన్నీ పోయాయి. మిగిలింది ఓటరు కార్డు నకలు ఒకటి. ఆ నలుపులో ఎల్లాజీకీ ఎండుచేపకీ తేడా చెప్పినవాళ్ళకి నేను సన్మానం చేస్తాను. ఆయన పోయిన రెండు నెలలకి కూతురు పుట్టింది, మరిడేశ్వరి. ఇప్పుడు రేవులో బోటు ఇంజన్ల మెకానిక్కు. మా ఇద్దరిదీ ఒకే కులం, గ్రీజు కులం.

ఆ పిల్ల జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

“డాట్రమ్మా, అయితే ఈ మన్ను మాయయ్యని సూసినాదా?”

సులోచన గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆవిడకి అప్పటిదాకా మబ్బులు తప్ప ఇంకేమీ తట్టలేదని ముఖమే చెప్పింది.

“చూసే ఉంటుంది” అన్నారు.

తూర్పున సముద్రం మీద నల్లటి గీత లేచింది. వాయుగుండం రేపటికి తీరం దాటుతుందని పొద్దున్నుంచీ రేడియో మొత్తుకుంటోంది. ఆ పెల్ల అడుగు అప్పటికే గుల్లబారి ఉంది. ఒక్క పెద్ద వాన చాలు, పెల్లా పొరా మొత్తం ఎర్రనీళ్ళై సముద్రంలో కలవడానికి.

“కూర్మారావు గారూ, ఇప్పుడే కోద్దాం” అన్నారు సులోచన గారు.

టార్పాలిన్ నాలుగు మడతలు వేశాం. వెలుతురు సూదంత కూడా దూరకూడదు. ఊరు ఊరంతా అంచులమీద కూర్చుంది. గుడారం బరువుకి రాళ్ళెందుకు, మనుషులే ఉన్నారు. లోపల నేను బొజ్జమీద పాకుతూ, నోట్లో ఎర్ర టార్చి (ఎర్ర వెలుతురు ఒక్కటే రేణువుకి అంటదు) కరిచి పట్టుకుని, పొరమీది ఇసుకని అర అంగుళం మిగిల్చి గోకాను. అడుగూ మూతా రెండూ ఊడి వచ్చే జానెడు స్టీలు డబ్బా ఒకటుంది మాకు. దాన్ని పొరలోకి నిలువుగా దించి సుత్తి ఎత్తాను.

“బాబాయ్, ఆగు!” పక్కనే పాక్కుంటూ వచ్చిన మరిడేశ్వరి గుసగుసలాడింది. “నీ సుత్తిదెబ్బకి మాయయ్య మల్లీ సచ్చిపోతాడు. ఇలాగియ్యి.”

ఇచ్చాను. ఆ పిల్ల చెక్కసుత్తితో ఎంత మెత్తగా కొట్టిందంటే, నిద్రపోతున్న బిడ్డని జోకొట్టినట్టే ఉంది. డబ్బా నాలుగు వేళ్ళ లోతు దిగింది. అడుగున రేకు తోసి, పైన మూత బిగించి, నల్లగుడ్డలు చుట్టి బయటికి తెచ్చేసరికి మొదటి చినుకులు పడ్డాయి. గట్టెక్కి వెనక్కి చూస్తే గండిలో ఎర్రనీళ్ళు అప్పుడే సుళ్ళు తిరుగుతున్నాయి. ఊరంతా పళ్ళేలు మోగించింది. పులికోసం తెచ్చిన పళ్ళేలు!

మర్నాడు పెల్ల లేదు. అది ఉన్నచోట గెడ్డ, అంటే వానవాగు, పారుతోంది.

*

పొర తెచ్చిన సాయంత్రమే ఎర్ర బల్బు వెలుతురులో కోడి ఈకతో పై ఇసుకంతా ఊడ్చి, గులాబీ పొరని బయటపెట్టి, మూత వేసి ఉంచాను. మర్నాడు పది గంటలకి యంత్రంలోకి ఎక్కించాం. సులోచన గారు, నేను, మరిడేశ్వరి. తలుపు దగ్గర టీ గ్లాసుల పళ్ళెంతో పైడమ్మ.

ఆకుపచ్చ గీత కదిలింది. తెరమీద చీకటి. ఇంకా చీకటి. తర్వాత మధ్యలో ఒక తెల్లటి చుక్క, అది పెరిగి మంటైంది. మంట పక్కన వేళ్ళు. వేళ్ళ పైన చెయ్యి. ఆ పైన తలగుడ్డ చుట్టిన తల. కిందినుంచి వెలుగు పడి సగం ముఖం, ముక్కు, ఒక కన్ను.

“మనిషి!” సులోచన గారు గంతేశారు. నలభై ఏడేళ్ళ మనిషి, రెండు డాక్టరేట్లున్న మనిషి, నిజంగా గంతేశారు. “మబ్బు కాదండీ! మనిషి!”

నేను స్పానరు పైకి విసిరి పట్టుకోవడం మరిచిపోయాను. అది నా కాలిమీదే పడింది, నొప్పి మర్నాటిదాకా గుర్తుకు రాలేదు.

మరిడేశ్వరి తెరమీద వేలు పెట్టింది. “అయ్య” అంది. తర్వాత గట్టిగా, “మాయయ్య!”

పైడమ్మ పళ్ళెం పట్టుకునే ముందుకొచ్చింది. తెరవైపు కాసేపు చూసింది. “టీ సల్లారిపోతాది, తాగండి” అని పళ్ళెం స్టూలుమీద పెట్టి వెళ్ళిపోయింది. దుఃఖమనుకున్నాం.

ఆ బొమ్మ ఊళ్ళోకి వెళ్ళింది. తాతాజీ ఫోను చేత్తో పట్టుకుని, దగ్గరగా దూరంగా చూసి తేల్చేశాడు. “ఆ ముక్కు ఎల్లాజీదే! నాకు తెల్దేటి? పదేళ్ళు ఒక్క బోట్ల ఎల్లినాం.” అయితే చేతిలో దీపమెందుకుంది? గండిలో ఎవరో చిక్కుకున్నారని వెతకడానికి వెళ్ళుంటాడు. మధ్యాహ్నానికి ఆ ఎవరో ముగ్గురు పిల్లలయ్యారు, దీపం లాంతరైంది. సాయంత్రానికి పిల్లలు ఏడుగురు. మట్టికి కోత ఉంటుంది. మాటకి మేట తప్ప కోత ఉండదు.

రేవులో పది అడుగుల ఫ్లెక్సీ కట్టాలని, ఆ పైన విగ్రహం సంగతి చూడాలని తీర్మానమైంది. మరిడేశ్వరి షెడ్డుకి ‘ఎల్లాజీ ఇంజన్ వర్క్స్’ అని అప్పటికే రంగు వేయించేసింది. దారిన పోయేవాళ్ళని ఆపి మరీ, “మాయయ్యని సూసినారేటి?” అని ఫోను చూపిస్తోంది. పుట్టి ఇరవై రెండేళ్ళైనా ఆ మాట అడిగే అవకాశం ఆ పిల్లకి ఎప్పుడొచ్చింది గనక!

భీమిలి ఫ్లెక్సీ షాపుకి బొమ్మ పంపే పని నాది. పది అడుగులకి సాగదియ్యాలి కదా, పెద్దది చేసి చూస్తూ కూర్చున్నాను. మంట పక్కన మణికట్టు. మణికట్టు మీద రెండు సన్నటి మెరుపు గీతలు. ఎల్లాజీకి గాజులెందుకు? ఇంకా పెద్దది చేశాను. గండి అడుగునుంచి పైకి చూసిన బొమ్మకి తల వెనకాల ఆకాశముండాలి. ఇక్కడ తిన్నని అడ్డగీత ఒకటుంది, ఇనప దూలంలా. దాని పక్కన గుండ్రటి బల్బు. అసలు తుపాను గాలిలో దీపం నిలిచేదెలా?

ఆ దూలం నా నెత్తిమీదే ఉంది. ఆ బల్బు హోల్డరు బిగించింది నేనే.

సులోచన గారికి చూపించాను. ఆవిడ స్టూలు వెతుక్కుని కూర్చున్నారు.

“పొరమీద వెలుతురు పడింది. ఇక్కడే, మన గదిలోనే. కొత్త వెలుతురు పడితే పాతది చెరిగిపోతుంది కూర్మారావు గారూ.”

నేను పొరపాటు అనే మాట జీవితంలో లక్షసార్లు వాడి ఉంటాను. పొరకి పట్టిన పాటు అని ఆ రోజే అర్థమైంది. నవ్వు మాత్రం రాలేదు.

మా ఇద్దరితోపాటు ఆ గది తాళం ఉన్నది పైడమ్మకే.

పిలిచాం. చీకటిగదిలోకి వచ్చి, ఎర్ర బల్బు కింద నిలబడి, మేం నోరు తెరవకముందే అంది. “అది నానే.”

“ఎలా?” అన్నారు సులోచన గారు.

“పొద్దున్న మీరు రాకముందు గది తుడిసి, మిసనుకి కర్పూరం ఎలిగించినాను. కొత్త పనికి హారతియ్యకుండా ఎలాగమ్మా?”

“యంత్రానికిస్తే ఇచ్చావు తల్లీ, డబ్బా మూత ఎందుకు తీశావు?” అన్నాను నేను.

“మూతెట్టీసి హారతి ఎవులిత్తారు బాబూ? మూతెట్టిన గిన్ని నైవేద్దిం పెడితే దేవుడు మూత నాకుతాడేటి?”

మూత తీసినందుకు మూతి ముడుద్దామనుకున్నాను. ముడవలేకపోయాను. మా అమ్మైనా, మా ఆవిడైనా అదే చేసేవాళ్ళు. చీకటిలో పెట్టాలి, వెలుతురు తగలకూడదు అని ఎర్ర అక్షరాలతో తలుపుమీద రాశాం గానీ, హారతి వెలుతురు కిందికి వస్తుందని ఎవరం రాయలేదు.

“ఆయన మొకం నాకు సూపించనేదు” పైడమ్మ నేలకేసి చూస్తూ చెప్పింది. “సూడనేవు, ఒద్దు అని గుడ్డ కప్పీసి అట్టుకెల్లిపోనారు. ఈ మన్ను ఆయన్ని ఆకర్న సూసినాదన్నారు కదా. ఆ సూసిన కల్లకైనా ఓపాలి హారతిద్దారని... జానెడు దూరంల తిప్పినాను. తలకి దుమ్ముగుడ్డ అలగే ఉంది.”

“నీకు ఎప్పుడు తెలిసింది?”

“తెరమీద సెయ్యి పడ్డప్పుడే. నా గాజులు నాకు తెల్దేటి? సెప్పీబోయినాను. అంతల మా గుంటపిల్ల ‘అయ్య’ అనీసినాది. దాని మొకం సూసినారేటమ్మా మీరు? ఎలాగ సెప్పను?”

తలుపు దగ్గర ఇనప డబ్బా ఒకటి దొర్లింది. మరిడేశ్వరి. ఫ్లెక్సీ ఎంతవరకు వచ్చిందో కనుక్కోడానికి వచ్చి, మొత్తం వినేసింది.

“నువ్వేనేటి?” అంది తల్లితో. “నాను ఊరందరికీ సూపించీసినాను. అది నువ్వేనేటి? మాయయ్యని నువ్వే సెరిపీసినావేటి?”

పైడమ్మ తలూపింది.

మరిడేశ్వరి బల్లమీదున్న స్టీలు డబ్బా వైపు చూసింది. “ఈ మన్ను ఎందుకింక?” అని దాన్ని రెండు చేతులా అందుకుంది, సముద్రంలో పారేద్దామని. నేను అడ్డుపడ్డాను. నాకు అటు చట్రం చిక్కింది, తనకి ఇటు మూత చిక్కింది. రెండూ ఊడి మా చేతుల్లోకి వచ్చేశాయి. మట్టిదిమ్మ మాత్రం చెక్కుచెదరకుండా బల్లమీద నిలబడిపోయింది, నాలుగువైపులా బట్టబయలుగా, ఎర్ర వెలుతురులో.

“కదలకండి!” సులోచన గారు అరిచారు. “ఎవరూ కదలకండి! తలుపు మూసెయ్యండి!”

ఆవిడ భూతద్దం పట్టుకుని ఆ దిమ్మ పక్కకి వంగారు. కోసిన మడతకాజా పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉందది. పైన మనం పోగొట్టుకున్న పొర. దాని కింద వేలెడు మందం ఇసుక. ఆ ఇసుక కింద ఇంకో గులాబీ పొర, అదీ మీగడంత.

“ఇంకోటుంది” అన్నారు. “అంతకుముందు వానకి పడింది.”

“దాన్ల ఏటుంటాది?” మరిడేశ్వరి ముక్కు తుడుచుకుంది. “మల్లీ మబ్బే.”

సులోచన గారు మళ్ళీ వంగారు. మధ్యనున్న ఇసుకని సూదితో కదిపి చూశారు. చూసిందే మళ్ళీ చూశారు. గొంతులో వేగం పెరిగింది.

“నీళ్ళు పరిస్తే బరువైనవి అడుగున, తేలికవి పైన, వరసగా ఉంటాయి. గాలి పరిస్తే అన్నీ ఒకే సైజులో ఉంటాయి. దీన్ని చూడండి. గుల్లలు, పెంకుముక్క, సన్నది, లావుది, అంతా కలగాపులగం. పైగా ఇది సముద్రపొడ్డు ఇసుక, దిబ్బ ఇసుక కాదు. దీన్ని నీళ్ళూ పరవలేదు, గాలీ పరవలేదు. ఎవరో తెచ్చి పోశారు!”

“గండి అడుగున పనిగట్టుకుని ఇసుకెవరు పోస్తారండీ?” అన్నాను.

“ఆయనే” అంది పైడమ్మ.

అందరం అటు తిరిగాం.

“ఆడోల్లు సేపల బుట్టలెత్తుకుని రోడ్డెక్కీ తోవ అది. వానకొచ్చిన గెడ్డ తోవని కోసీసీది. గుంటల జారి పడిపోతన్నామని, వాన ఎలిసిన ఎమ్మటే ఈయన ఒడ్డునుంచి బుట్టతో ఇసకట్టుకెల్లి పోసీవోడు. నాను కడుపుతో ఉన్నానని ఆ యేడు మరీని. మల్లీ వానొచ్చి కోసీసీది, మల్లీ పోసీవోడు. ఊరంతా నవ్వీవోరు, పిచ్చోడని.”

నాకప్పుడు తట్టింది. ఈ రెండో పొర చీకటైపోయింది గోడ కూలినందుకు కాదు. ఎవడో దానిమీద బుట్ట వంచినందుకు. అయితే అది ఆఖరున చూసింది...

“బుట్ట వంచిన మనిషిని!” సులోచన గారూ నేనూ ఒకేసారి అరిచాం.

*

ఈసారి కర్పూరం నా జేబులో, అగ్గిపెట్టె సులోచన గారి జేబులో. పైడమ్మని కుర్చీలో కూర్చోబెట్టాం. పై పొరని, వేలెడు ఇసుకని మరిడేశ్వరే కోడి ఈకతో తీసింది. దిమ్మని యంత్రంలోకి తోసి మీట నొక్కాను.

ఆకుపచ్చ గీత బయల్దేరింది. మొదట తెలుపు. వాన వెలిసిన ఆకాశం. పక్కన గండి గోడ అంచు. తర్వాత ఒక నల్లటి వంపు, గీతగీతకీ పెద్దదవుతోంది. వెదురు అల్లిక కనబడింది. బుట్ట! బుట్ట అంచునుంచి రాలుతున్న ఇసుక, సన్నటి చారలుగా. మా అందరి ఊపిరీ ఆ చారలకి వేలాడుతోంది. ఇంకొక్క వరస ఇసుక అడ్డం పడితే ముఖం దక్కదు.

ఇసుక ఒక పక్కకే రాలింది.

బుట్ట వెనకనుంచి నుదురు వచ్చింది. తడి జుట్టు. కిందికి చూస్తున్న రెండు కళ్ళు, సరిగ్గా మా కళ్ళలోకి. బరువు ఎత్తి వంచుతున్నాడేమో, పళ్ళ మధ్య నాలుక కొన కుడిపక్కకి కొరికి పట్టుకున్నాడు.

“అదిగో” పైడమ్మ కుర్చీలోంచి లేచింది. “బరువెత్తితే అలగే నాలిక కొరుక్కుంటాడు. అదిగో! అలగే!”

మరిడేశ్వరి చెయ్యి తన నోటిమీదికి పోయింది. బిగుసుకుపోయిన నట్టు విప్పేటప్పుడు ఆ పిల్ల ముఖం నేను రెండేళ్ళుగా చూస్తున్నాను. నాలుక కొన అక్కడే ఉంటుంది, కుడిపక్కనే. ఎవరు నేర్పారని ఒక్కరోజూ అడగలేదు.

గీత చివరికంటా వెళ్ళి ఆగింది. యంత్రంలో ఉన్నది ఇప్పుడు మట్టి, అంతే. సులోచన గారు కళ్ళద్దాలు తుడుచుకోవడం మానేసి, ఏడుస్తూనే బొమ్మని నాలుగు చోట్ల దాచారు. తల్లీ కూతురూ ఒకరినొకరు చూసుకోలేదు. తెరనే చూస్తూ, ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు.

*

ఫ్లెక్సీ మారింది. పక్కపక్కనే రెండు బొమ్మలు పెట్టమని చెప్పింది మరిడేశ్వరే. “మాయమ్మకీ మాయయ్యకీ కలిపి ఒక్క ఫొటో నేదు బాబాయ్” అంది. ఆయన పొరకీ ఆవిడ పొరకీ మధ్య ఎడం వేలెడే కదా, అని నేనూ ఒప్పుకున్నాను.

మూడోరోజు సాయంత్రం రేవులో గుడ్డ లాగారు. జనం ఇసుక వేస్తే రాలనంత. చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి.

“ఇద్దరేటి?” తాతాజీ మైకులోనే అడిగేశాడు. “దీపమెట్టుకున్నోడు మన ఎల్లాజీ. మరా బుట్టోడెవుడు? సూసినట్టే ఉంది గానీ...”

పైడమ్మ వెళ్ళి మైకు అందుకుంది. అది ఒకసారి కీచుమంది. ఆవిడ దాన్ని చేపని పట్టుకున్నట్టు మెడ దగ్గర గట్టిగా పట్టుకుంది.

“బుట్టోడు మా ఇంటోడు. గెడ్డల ఇసక పోసీవోడని మీరందరూ నవ్వినారు కాదేటి, ఆడే. ఆయన బుట్ట వంచినప్పుడు కిందున్న మన్ను సూసినాది, అదే ఈ బొమ్మ. దీపమెట్టుకున్నది ఆయన కాదు. ఏడుగురు పిల్లల్నీ నేరు, లాంతరూ నేదు. అది నాను. మిసనుకి హారతిచ్చినాను. డాట్రమ్మ మూసి దాసిన డబ్బా మూత తీసి, దానికీ ఇచ్చినాను. ఎలుతురు తగిల్తే పాతది సెరిగిపోతాదని నాకు తెల్దు. ఆయన ఆకరి గడియ నా సేత్తో నానే సెరిపీసినాను. ఆ పైని పొర ఆయన్నొగ్గీసి నన్ను అట్టుకుంది. తప్పు డాట్రమ్మది కాదు, కూర్మారావు బాబుది కాదు. నాది.”

జనంలోంచి గుసగుసలు లేచాయి. ఎవరో ఆడమనిషి “మూతెట్టి హారతెలాగిత్తాది మరి!” అంది గట్టిగా. నాలుగైదు గొంతులు అవునన్నాయి.

“తాతాజీ బావా” అంది పైడమ్మ. “ఆ ముక్కు నాది.”

రేవంతా గొల్లుమంది. తాతాజీ తలగుడ్డతో ముక్కు మూసుకున్నాడు, తన ముక్కే పోయినట్టు. నవ్వు తగ్గేదాకా ఆవిడ ఆగింది.

“ఇరవై రెండేళ్ళ బట్టీ మీ వాకిట్లోకి సేపలట్టుకొస్తన్నాను. మీ పెల్లిల్లకి పురుల్లకి ఒస్తన్నాను. నా మొకం పదడుగుల బొమ్మెట్టడానికి తయారైనారు, దండాలెట్టినారు, నా కూతురుతో సహా. ఒక్కడికీ గురుతు రానేదేటర్రా?”

మైకు కింద పెట్టేసింది.

పొద్దు ఇంకా దిబ్బల మీదే ఉంది. ఆ వెలుతురుండగానే ఊరంతా ఫ్లెక్సీ మీంచి కళ్ళు దించి పైడమ్మ ముఖంలోకి చూసింది.